చుక్క మీద గీత

టైలర్ మాస్టారికి గీత అంటే గీతే. సుద్దముక్కతో గీసిన చోటే కత్తెర నడవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా కత్తిరించినవాడి దుమ్ము దులిపేస్తాడు. అలాంటి మనిషికి ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చింది. కోత అక్కర్లేదు, కిరణాలతో నయం చేద్దామన్నాడు డాక్టరు. ముందుగా ఆ గ్రంథిలో బియ్యపుగింజ కన్నా చిన్న బంగారు గింజలు మూడు గుచ్చారు. పొత్తికడుపు మీదా, తుంటికి రెండు పక్కలా చెరగని చుక్కలు పొడిచారు.

"ఇన్నేళ్ల కాపురంలో మీరు కొన్న బంగారం ఇదొక్కటే. అదీ మీ ఒంట్లోనే దాచుకున్నారు," అంది భార్య. ఆయన నవ్వేశాడు. దీనికి ధైర్యం ఎక్కువే అనుకుని, ఆ సంగతి అంతటితో వదిలేశాడు.

ఆయన భయం మాత్రం ఆయనకుంది. కిరణం కంటికి కనపడదు. గురి తప్పి పక్కనున్న మూత్రాశయం మీదో, పేగు మీదో పడితే? రోగం రోగంలాగే ఉండి, పైగా బతికినన్నాళ్లూ తడిసిన బట్టలతో తిరగాల్సివస్తే? ఈ మాట ఆయన ఎవరి దగ్గరా పైకి అనలేదు.

రోజూ ఒకటే తంతు. మూత్రాశయం నిండితే తప్ప బల్ల ఎక్కించరు కాబట్టి, ఆసుపత్రి వరండాలో భార్య సీసా పట్టుకుని కూర్చుని, చంటిపిల్లాడికి పాలు పట్టినట్టు నీళ్లు తాగిస్తుంది. లోపల టెక్నీషియన్ అమ్మాయి గోడల్లోంచి వచ్చే ఎర్రటి కాంతిగీతల్ని ఆయన ఒంటిమీది చుక్కలకు సరిపెట్టి, "కదలకండి మాస్టారూ," అని చెప్పి బయటికి వెళ్లిపోతుంది. యంత్రం చుట్టూ తిరిగి ఫోటో తీస్తుంది. ఆ తర్వాతే కిరణం.

ఒకరోజు ఫోటో అయ్యాక బల్ల దానంతటదే జరిగింది. అంతకుముందూ జరిగేది గానీ, తెలిసీ తెలియనంత. ఈసారి బాగా తెలిసింది. మాస్టారు తల కొంచెం ఎత్తి చూశాడు. గీత చుక్క మీద లేదు, అర వేలి మందం పక్కకు పోయింది. ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. కేక వేసేలోగా కిరణం వచ్చేస్తుందేమో. ఇక తనకు తెలిసిన పనే చేశాడు. ఊపిరి బిగబట్టి, నడుము మెల్లగా జరిపి, చుక్కను తెచ్చి గీత కింద పెట్టాడు. పెట్టి, హమ్మయ్య అనుకున్నాడు.

మరుక్షణం తలుపు తెరుచుకుని ఆ అమ్మాయి పరుగున వచ్చింది. "కదిలారేంటి మాస్టారూ?"

"కదిలింది మీ బల్లమ్మా. గీత తప్పితే నేనే సరిచేశాను," అన్నాడు, కాస్త గర్వంగానే.

"కెమెరాలో చూశాను కాబట్టి సరిపోయింది. కిరణం ఇంకా వేయలేదు లెండి."

మళ్లీ పడుకోబెట్టి, మళ్లీ ఫోటో తీసి, ఆ పూట చికిత్స ముగించారు. తర్వాత ఆ అమ్మాయి ఆయన్ని తెర ముందుకు తీసుకెళ్లింది. బూడిదరంగు బొమ్మలో మూడు తెల్లటి మచ్చలు.

"ఇవే మీ బంగారు గింజలు. పైన చుక్కలు మిమ్మల్ని పడుకోబెట్టడానికి మాత్రమే. లోపల గ్రంథి ఒక్కచోట ఉండదు. నీళ్లు తగ్గినా, పేగులో గ్యాస్ ఉన్నా జరుగుతుంది. ఈ గింజల్ని బట్టి అదెక్కడుందో చూసుకుని, దానికి తగ్గట్టు మేం బల్ల జరుపుతాం."

"అంటే, పైన సరిచేసి లోపల తప్పించానన్నమాట."

"అంతే. నిన్న ఉన్నచోటే ఇవాళా ఉంటుందని అనుకోం మాస్టారూ. రోజూ చూస్తాం."

మాస్టారు బాత్‌రూంకి పరుగెత్తి, తేలికపడి, భార్యతో కలిసి బస్టాపు దాకా నడిచాడు. జరిగిందంతా చెప్పాడు.

"అక్కడా మీ దర్జీ బుద్ధేనా," అని నవ్వింది ఆమె.

ఇన్నాళ్లూ ఆయన ఆ నవ్వు దగ్గరే ఆగిపోయేవాడు. ఆ రోజు ఆగలేదు.

"మొదట్నుంచీ నాకు భయంగానే ఉందే," అన్నాడు. "నీకో?"

ఆమె సీసా మూత తీసింది, మళ్లీ పెట్టింది. "మీరు లోపలికెళ్లగానే రోజూ బాత్‌రూంలో ఏడుస్తాను. మీరొచ్చేలోగా మొహం కడుక్కుంటాను."

"నాతో చెప్పలేదేం?"

"మీరడిగారా?"

మాస్టారికి ఏడుపొచ్చింది. దాచుకోలేదు. "ఇకనుంచి రోజూ అడుగుతాను," అన్నాడు.

"అడుగుదురుగానీ, ముందు ఆ బల్ల మీద కదలకుండా పడుకోండి," అంది ఆమె, ముక్కు చీదుకుంటూ.