పారే కాలువకు మరమ్మతు

సత్తియ్య తూము మీద గొంతుక్కూర్చుని తలుపు మరకు గ్రీజు పూస్తున్నాడు. ముక్తేశ్వరం దాటాక కాలువ రెండు పాయలుగా చీలే ఆ చోట ముప్పై ఏళ్ళుగా అతనే లస్కరు. ఏ పాయకు ఎన్ని నీళ్ళు వదలాలన్నా అతని చెయ్యి తిరగాల్సిందే. అందుచేత రెండు గట్ల రైతులూ అతన్ని వంతులేసుకుని తిట్టేవారు. పొట్టి మనిషి; మోకాళ్ళ దాకా ఖాకీ లాగు, నీళ్ళలో నాని తెల్లబారిన కాలివేళ్ళు.

ఆ మధ్యాహ్నం అతను హైదరాబాదు బస్సు ఎక్కాలి. పొత్తికడుపు కింద రక్తనాళం రెండుగా చీలేచోట ఉబ్బిందనీ, పగిలితే మనిషి దక్కడనీ అక్కడి డాక్టరు తేల్చాడు. పెద్ద కోతేమీ ఉండదట. గజ్జల్లోంచి సన్నటి తీగ మీదుగా గుడ్డ గొట్టం ఎక్కిస్తారట. మునుపైతే ఒక పాయను మూసేసేవారట.

"మూసేస్తే ఏమవుద్దండి?" అని అడిగాడు సత్తియ్య ఆవేళ.

"పిరుదు పట్టేస్తుంది. నాలుగడుగులు వేస్తే నొప్పి."

"ఆయ్. శివారు చేను ఎండిపోద్దన్నమాట."

డాక్టరు నవ్వి, ఇప్పుడు తెప్పించే గొట్టానికి కొమ్మ ఉంటుందనీ, రెండు పాయలూ పారతాయనీ చెప్పాడు. సత్తియ్యకు గొట్టం నచ్చింది. ముహూర్తమే నచ్చలేదు. వేసవిలో నీళ్ళాపి కాలువలు కట్టేశాక చేద్దామన్నాడు. పారే కాలువకు మరమ్మతు చేసినవాణ్ణి అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అప్పటిదాకా ఆగదన్నాడు డాక్టరు.

కాలువ కట్టడం మనకు కొత్తా అనుకున్నాడు సత్తియ్య. నిన్న పొద్దుటినుంచీ మంచినీళ్ళు ముట్టలేదు.

భార్య సుందరి చద్దన్నం తెచ్చేసరికి తలుపు చక్రం పట్టుకుని తూలుతున్నాడు. పెదాలు అట్టలు కట్టాయి.

"మంచినీళ్ళు తాగేరా?"

"మట్టం తగ్గిస్తన్నాను."

సంగతి రాబట్టాక సుందరి మొగుణ్ణి తిట్టిపోసింది. ఆ మాటలు రాయదగ్గవి కావు. సెల్లు తీసి డాక్టరుకు అంతా చెప్పి, ఫోను మొగుడి చెవికి ఆనించింది.

"సత్తియ్యగారూ, నాళాలు కనపడ్డానికని ఎండిన ఒంట్లోకి రంగు మందు ఎక్కిస్తే కిడ్నీలు పాడవుతాయి. ముందు నీళ్ళు తాగండి. మా పనంతా పారే కాలువలోనే."

"కట్టకుండానా అండి?"

"కట్టకుండానే."

సత్తియ్య ఫోను భార్యకిచ్చి, గ్రీజు చేతులు లాగుకు తుడుచుకున్నాడు.

"నాకు భయంగా ఉంది, సుందరీ."

పలుగులు పట్టుకొచ్చిన రైతులకెదురుగా అతను నిలబడిన రోజున కూడా ఆమె ఆ మాట వినలేదు. కోపమంతా దిగిపోయింది.

"నాకూ ఉంది. తాగండి."

ఒక చెంబు తాగాడు. రెండోది తాగాడు. మూడోదానికి చెయ్యి చాపితే సుందరి వెనక్కి లాక్కుంది. "చాలింక. రావులపాలెం దాకా బస్సు ఆగదు."

మధ్యాహ్నం గట్టు మీదికి ఆటో వచ్చింది. మొన్ననే బండబూతులు తిట్టిపోయిన ఎడమ గట్టు రైతు అప్పన్న వచ్చి, ఎవరూ అడక్కుండానే సంచి ఎత్తి ఆటోలో పెట్టాడు. సత్తియ్య ఎక్కి కూర్చున్నాడు. వెనక్కి చూడలేదు.

తూము గది తలుపు మీద సుద్దముక్కతో పెద్ద పెద్ద అక్షరాలు రాసి ఉన్నాయి: "లస్కరు పది రోజుల్లో వస్తాడు. అందాకా ఏ పాయా కట్టెయ్యొద్దు." అందులో 'పది' అన్నచోట రెండుసార్లు చెరిపి, మళ్ళీ పది అనే దిద్ది ఉంది.