ఎడమ సీటులో బియ్యం మూట

ఆ వారమంతా అక్షిత కాలుగాలిన పిల్లిలా తిరిగింది. వంటింట్లోకి పోతుంది, ఎందుకు పోయిందో మరిచిపోతుంది. వాకిట్లోకి వచ్చి గేటు దగ్గరున్న కారు చుట్టూ ఒకసారి తిరిగి, వెనక టైరును కాలితో తన్ని మళ్లీ లోపలికి వస్తుంది. తన్నులకు కార్లు బాగుపడేవైతే జగిత్యాలలో మెకానిక్కులంతా ఎప్పుడో షట్టర్లు దించుకునేవారు.

పాత చిన్న కారది. దాన్ని నేలబారుగా దించింది సోకు కోసం కాదు, ఆమె తండ్రి ఐలయ్య కోసం. ఐలయ్య కల్లు గీత కార్మికుడు. కొన్నేళ్ల కింద తాటిచెట్టు మీంచి పడ్డాడు. ప్రాణం దక్కింది గాని కాళ్లు దక్కలేదు. అప్పటినుంచి చక్రాల కుర్చీయే దిక్కు. కారు ఎక్కాలంటే ఇద్దరు మగవాళ్లు చంకల కింద చేతులేసి ఎత్తాలి. చెట్టును కౌగిలించుకుని ఆకాశం దాకా పోయిన మనిషికి అది చావుతో సమానం. "నన్ను ఎవలు ఎత్తద్దు" అని ఒకసారి అన్నాడు, అంతే, గడప దాటడం మానేశాడు.

కారు సీటు కుర్చీ కంటే బెత్తెడు ఎత్తుంది, చిక్కంతా అదే. కోరుట్లలో షెడ్డున్న రాజేశం వెనకా ముందూ స్ప్రింగులు కోసి కారును దించాడు. సీటూ కుర్చీ ఒక మట్టానికి వచ్చాయి. మధ్యలో నున్నటి చెక్క వేసుకుని, చేతుల బలంతో ఐలయ్య తనంతట తానే వెనక ఎడమ సీటులోకి జరిగాడు. గేటు ఆ పక్కనే కాబట్టి ఎప్పుడూ అదే సీటు. ఆ రోజు అతని భార్య లక్ష్మవ్వ కారుకు కొబ్బరికాయ కొట్టింది.

ఆ సంబరం మూడు వారాలు కూడా నిలవలేదు. వెల్గటూర్ దారిలో కుడివైపు తిరిగే ఒక మలుపు దగ్గర, అక్షిత స్టీరింగు తిప్పగానే కారు వెనక భాగం ఒక్కసారిగా పక్కకు జారిపోయింది. బండి రోడ్డుకు అడ్డంగా తిరిగి పొలం గట్టున ఆగింది. దెబ్బలేం తగల్లేదు. కేక పెట్టింది అక్షితే. ఇంటికొచ్చాక మాత్రం ఐలయ్య మళ్లీ కారు ముఖం చూడలేదు. అడిగితే "మనసొప్పుతలేదు బిడ్డా" అంటాడు.

వచ్చే ఆదివారం గీతవాళ్ల దేవుడు కాటమయ్య పండుగ. వెల్గటూర్ దగ్గర తాటివనంలో గీతవాళ్లంతా కలుస్తారు. ఈసారైనా రమ్మని తోటివాళ్లు కబురు మీద కబురు పంపుతున్నారు. ఇప్పుడు కారెక్కకపోతే నాయన ఇక జన్మలో గడప దాటడని అక్షితకు తెలుసు. ఆమె నిద్ర చెడగొడుతున్నది అదే.

అక్షిత మళ్లీ తీసుకుపోతే రాజేశం కారు నడిపి చూశాడు. కోరుట్ల బైపాసు మీద కుడికి తిప్పాడు, ఎడమకు తిప్పాడు.

"కారుకేం రోగం లేదు బిడ్డా. నువ్వే భయపడి స్టీరింగు ఒక్కపారి గుంజినవేమో" అన్నాడు.

"నేను గుంజలే కాకా."

"అయితే షాకబ్జర్లు మార్ద్దాం."

మార్చాడు. టైర్లు అటువి ఇటు, ఇటువి అటు వేశాడు. అక్షిత నడిపినా కారు బుద్ధిమంతురాలిలా పోయింది. చివరికి రాజేశం చేతులు తుడుచుకుంటూ, "గింత పరేషాన్ ఎందుకు, పాత ఎత్తే పెట్టేద్దాం. మీ బాపును ఇద్దరం వట్టి లేపుతే ఏమైతది?" అన్నాడు.

ఏమవుతుందో అతనికి చెప్పి లాభం లేదు. తప్పు తన చేతులదేనేమోనన్న పురుగు మాత్రం ఆమె బుర్రలో దూరింది. దారంతా స్టీరింగు మీద తన చేతులనే చూసుకుంటూ వచ్చింది.

అక్షిత పనిచేసే కుట్టు మిషన్ల షాపుకు సిరిసిల్ల నుంచి బట్ట వస్తుంది. ఆ బట్ట తెచ్చే డ్రైవరు అక్కడి మెకానిక్ సురేందర్ పేరు చెప్పాడు. శుక్రవారం పొద్దున్నే బయలుదేరిపోయింది. మరమగ్గాల చప్పుడు గోడ దాటి వచ్చే సందులో ఉంది సురేందర్ షెడ్డు. మనిషి కారు కిందికి దూరలేదు, నడపనూ లేదు. ముందు కథంతా విన్నాడు.

"ఆనాడు కార్ల ఎవలెవలున్నరు?"

"నేను, మా బాపు. ఆయన వెనక, ఎడమ దిక్కు."

"మెకానిక్ నడిపినప్పుడు?"

"ఆయనొక్కడే అన్నా."

"మరి ఖాళీ కారు నడుపుతే ఏం దెలుస్తది అక్కా? ఆయన్ను తోల్కరా. గదే సీట్ల కూసోవెట్టు."

అక్షితకు ఏడుపొక్కటే తక్కువ. కారెక్కించడానికే కదా ఈ పాట్లన్నీ! మళ్లీ జగిత్యాలకు వచ్చింది. నాయనను అడగడానికి నోరు రాలేదు. బియ్యం మూటలు రెండు ఈడ్చుకొచ్చి, వెనక ఎడమ సీటులో ఒకదాని మీద ఒకటి పెట్టి బెల్టు కట్టింది. లక్ష్మవ్వ చూసి గుండెలు బాదుకుంది.

"బతికున్న మనిషి జాగల మూట వెడ్తవా? గిదేం అపశకునమే!"

"మూట నోరు తెరువది అవ్వా. బాపు లెక్క మొండికెయ్యది" అని కసిరి, తలుపు ధడాలున వేసి పోయింది. కసిరినందుకు ఊరు దాటేదాకా బాధపడింది.

సిరిసిల్లలో మూటలతో కుడి మలుపు తిప్పగానే సురేందర్ కారు ఆపాడు. వెనక భాగం జారబోయి తమాయించుకుంది. ఈసారి స్టీరింగు పట్టింది తను కాదు, అందుకే అక్షితకు ఆనందమే. పురుగు చచ్చింది.

షెడ్డుకు వచ్చాక చక్రం పైన వేలు పెట్టి చూడమన్నాడు సురేందర్. ఇరుసుకూ, దాని పైన దెబ్బ కాచే రబ్బరు ముద్దకూ మధ్య కుడివైపు రెండు వేళ్లు పట్టాయి. మూటలున్న ఎడమవైపు వేలి కొన కూడా పట్టలేదు.

"కోసిన స్ప్రింగు పొట్టిగైంది గని, దిగిన ఎత్తుకు తగ్గట్టు బలం రాలేదు. మీ బాపు బరువుకే అడుగు ముడ్తున్నది. కుడికి తిప్పితే కారు బరువంతా ఎడమకు ఒరుగుతది. స్ప్రింగుకు ఇంక పోయే జాగ లేక రబ్బరును గుద్దుతది. అప్పుడు టైరు ఓర్వక జారుతది. ఇండ్ల నీ తప్పేం లేదక్కా."

ఆ చివరి మాటకు అక్షిత కళ్లు తుడుచుకుంది. ఎత్తు అంతే ఉండేట్టు గట్టి స్ప్రింగులు, వాటికి తగిన పొట్టి షాకబ్జర్లు, కురచ రబ్బర్లు వేశాడు సురేందర్. శనివారం సాయంత్రానికి మూటలు అదే మలుపులో గింజ కదలకుండా తిరిగివచ్చాయి.

ఆదివారం పొద్దున ఐలయ్య కుర్చీ తోసుకుంటూ గేటు దాకా వచ్చి బెల్టు కట్టుకున్న మూటలను చాలాసేపు చూశాడు.

"గీ పెద్దమనుషులను దించు" అన్నాడు.

దించింది. అతను చెక్క వేసుకుని తనంతట తానే జరిగి కూర్చున్నాడు. లక్ష్మవ్వ కాటమయ్యకు పెట్టే బోనం కుండ పట్టుకుని ముందు సీటులో కూర్చుంది.

వెల్గటూర్ దారిలో ఆ మలుపు వచ్చింది. అక్షిత ఎడ్లబండి కంటే మెల్లగా తిప్పింది. కారు చెప్పినట్టు విన్నది. ఆమె చేతులే వినలేదు. గడగడ వణుకుతున్నాయి. పక్కకు తీసి ఆపేసింది.

"కారు మంచిగైంది బాపూ. నిజంగ మంచిగైంది. నీకింక భయం వద్దు" అంది, వెనక్కి తిరగకుండానే.

"నాకు భయమని ఎవలన్నరు?" అన్నాడు ఐలయ్య. "నేను ఒకపారి పడ్డోన్ని బిడ్డా. పడుడెట్లుంటదో ఎరుకే. నేను పడ్డప్పుడు కొందరు మోకుతాడుదే తప్పన్నరు, కొందరు చెట్టుదన్నరు. వాటికేం, ఇంటయా? నీ చేతిల నాకేమన్న అయితే నిన్నంటరు. ఎవలు అనకున్నా నువ్వే నిన్ను అనుకుంటవు, బతికినన్ని రోజులు. ఆ దినం నువ్వు పెట్టిన కేక నా చెవులకెల్లి పోలే. గందుకే ఎక్కలే. నా జాగల మూటలు గట్టుకోని ఊళ్లు తిరిగినవని ఇయ్యాల ఎక్కిన."

లక్ష్మవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్లూ నాయన భయం పోగొట్టడానికి ఊళ్లు తిరిగిన అక్షితకు, ఆయన ఇంట్లో కూర్చుని తనను కాపాడుతున్నాడని ఇప్పుడు తెలిసింది. స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చింది.

ఐలయ్య ఏడవనిచ్చాడు. తర్వాత "తిప్పు. మల్ల ఎనుకకు పోయి గీ మలుపు తిరుగు" అన్నాడు.

"పండుగకు ఆలస్యమైతది బాపూ."

"కాటమయ్య యాడికి పోడు. తిప్పు."

తిప్పింది. చేతులు ఇంకా వణుకుతున్నాయి.

"ఇంకోపారి."

మళ్లీ వెనక్కి పోయి మళ్లీ వచ్చింది. పొలంలో కలుపు తీస్తున్న వాళ్లు నడుములెత్తి, వీళ్లకేమైనా పిచ్చా అన్నట్టు చూశారు. లక్ష్మవ్వ బోనాన్ని ఒళ్లో అదుముకుని దేవుడి పేర్లన్నీ తలుచుకుంది. ఐలయ్య మాత్రం మలుపు చూడలేదు, రోడ్డు చూడలేదు. ముందుకు వంగి కూతురి చేతులే చూస్తూ, అవి నిమ్మళించేదాకా "ఇంకోపారి" అంటూనే ఉన్నాడు.