సారీ ఆంటీకి జవాబు

"కూరకి ఆరు. రొట్టెలకి ఏడు. వడ్డించడం ఆలస్యమైంది కాబట్టి అందులో అర కోత," అన్నాడు భర్త, కంచం ముందు నుంచి లేస్తూ.

అత్తగారు నవ్వింది. భార్య కూడా నవ్వి, కంచాలు తీసింది.

ఆ ఇంట్లో ఈ మార్కుల సరదా మొదలై చాలాకాలమే అయింది. ఆమె ఒక వెబ్ పత్రికలో టీవీ పోటీల మీద, వీడియో గేముల మీద సమీక్షలు రాస్తుంది. సమీక్ష చివర పదికి ఇన్ని అని మార్కులు వేస్తుంది. ఉద్యోగం వచ్చిన కొత్తలో భర్త, "లోకానికంతా నువ్వు వేస్తావు, మరి నీకు వేసేవాళ్లు వద్దా?" అని భోజనాల బల్ల దగ్గర ఈ ముచ్చట మొదలుపెట్టాడు. మొదట్లో ఆమెకీ బాగానే అనిపించింది. తన ఉద్యోగాన్ని ఆయన పట్టించుకుంటున్నారు కదా అనుకుంది. తర్వాత చుట్టాలు వచ్చినా, స్నేహితులు వచ్చినా వాళ్లచేత కూడా వేయించడం అలవాటైంది. వాళ్లు మొహమాటపడి ఎనిమిది అంటే, "అబ్బే, అంత ఇవ్వకండి, నెత్తికెక్కుతుంది," అని తగ్గించేవాడు. అందరూ నవ్వేవారు. నవ్వుతున్న నలుగురి మధ్య ఒక్కతే మొహం ముడుచుకుంటే బాగుండదు కదా.

ఇక గేముల సంగతి. ఒక గేము మీద నాలుగు మాటలు రాయాలంటే మొదటినుంచి చివరిదాకా ఆడి చూడాలి. పొయ్యి మీద కూర అడుగంటకుండా మధ్యమధ్య ఆపుతూ, తడి చెయ్యి చీరకి తుడుచుకుని మళ్లీ మీటలు నొక్కుతూ, ఆమె ఎన్ని కోటలు దాటిందో ఎన్ని యుద్ధాలు గెలిచిందో ఎవరికీ తెలియదు. "మీ కోడలు ఏం చేస్తోంది?" అని పక్కింటావిడ అడిగితే అత్తగారు ఉన్నదున్నట్టు చెప్పేది. "ఏముందమ్మా, ఆడుకుంటోంది."

ఆదివారం మధ్యాహ్నం ఆమెకి పాఠకులతో ముచ్చట ఉంటుంది. వాళ్లు ప్రశ్నలు పంపుతారు, ఆమె అప్పటికప్పుడు జవాబులు రాస్తుంది, అందరూ చూస్తారు. గిన్నెలు నానబెట్టి, పడకగదిలో బట్టలు మడతపెట్టే బల్ల మీద కంప్యూటరు తెరిచి కూర్చుంది. కొత్త రేసు గేము కొనొచ్చా అని ఒకరు అడిగారు. "కారు బాగుంది, రోడ్డు బాగుంది, నడిపేవాడికే పని లేదు," అని రాసింది. పాఠకులు మెచ్చుకున్నారు. తర్వాత ఒకాయన అడిగాడు: "గేముకి మార్కులు వేయడం, పోటీలో నిలబడ్డ మనిషికి వేయడం ఒకటేనా మేడమ్?"

"కెమెరా ముందుకి వచ్చాక అందరూ ఆటలో భాగమే," అని గడుసుగా రాసింది. రాశాక, గేముకి ఎన్ని వేసినా అది ఏడవదు కదా అనిపించింది. అంతలోనే తర్వాతి ప్రశ్న వచ్చింది.

"నమస్కారం మేడమ్. క్షమించండి, ఇది గేముల ప్రశ్న కాదు. టీవీ వంటల పోటీ మీద మీరు రాసినదాంట్లో సారీ ఆంటీని నేనే. నేను బట్టలు కుడతాను. ఇప్పుడు కొలతలివ్వడానికి వచ్చేవాళ్లు కూడా సారీ ఆంటీ ఉందా అని అడుగుతున్నారు. మా ఆయనకైతే ఆ పేరు భలే నచ్చింది, ఇంట్లో అలాగే పిలుస్తున్నాడు. మీ మీద కోపం లేదు. తెలిసినవాళ్లు ఊరికే అనరు. కూర బాగానే ఉందని జడ్జీలు అన్నారు. మరి నా తప్పు ఎక్కడుందో చెబితే దిద్దుకుంటాను. మీ టైము తీసుకున్నందుకు సారీ."

ఆమెకి ఆవిడ వెంటనే గుర్తొచ్చింది. గిన్నె మూత తీయకముందే జడ్జీలకి క్షమాపణ చెప్పింది. ఉప్పు చూసుకోలేదండీ అంది, చేతులు వణుకుతున్నాయండీ అంది, మాట మాటకీ కొంగు కొస చుట్టలు చుట్టింది. చూస్తుంటే ఆమెకి ఎందుకో ఒళ్లు మండింది. ఆ వేడిలోనే రాసేసింది: "ఈవిడ వంట కంటే సారీ బాగా చేస్తుంది. వంటకి మూడు, సారీకి పది." అంత మంచి వాక్యం ఎలా తట్టిందా అని ఆ రోజంతా లోలోపల మురిసింది కూడా. సారీ ఆంటీ అన్న పేరు మాత్రం పాఠకులు పెట్టారు.

తెర మీద నవ్వులు వరసకట్టాయి. "ఆంటీ వచ్చేసిందిరోయ్!" "మళ్లీ సారీ!" "పదకొండు వెయ్యండి మేడమ్!" పత్రిక సంపాదకురాలు విడిగా ఒక మాట పంపింది: "జనం పెరుగుతున్నారు. ఒక్క చమక్కు విసురు, చాలు."

ఆ నవ్వుల గోల చూసి, మంచం మీదున్న భర్త లేచొచ్చి వెనకనుంచి వంగాడు. "ఏదీ, చూడనీ. ఓహో, సారీ మాట ఇంత దూరం పాకిందా! వంట కంటే సారీ బాగా చేస్తుంది అన్నది నాదే కదోయ్? మా ఆఫీసువాళ్లు భోజనానికొచ్చినప్పుడు నిన్ను అన్నాను. పడీ పడీ నవ్వారు. నా డైలాగు కొట్టేసి నా పేరన్నా వెయ్యలేదేం?"

ఆమె పాత సమీక్ష తెరిచి ఆ వాక్యం మళ్లీ చదివింది.

నిజమే. ఆ రోజు అన్నం కాస్త మెత్తబడిందని, వచ్చినవాళ్లు నోట్లో పెట్టుకోకముందే తనే క్షమాపణ చెప్పింది. అప్పుడు ఆయన అన్న మాట అది. అక్షరం పొల్లు పోకుండా తనలో ఉండిపోయింది, తనదే అన్నంతగా. ఇన్నాళ్లూ తను మాటలు పడుతున్నాననే అనుకుంది గానీ, పడ్డ మాటని పదును తగ్గకుండా దాచి మరో ఆడదాని మీద విసురుతానని అనుకోలేదు. తలెత్తి గోడమీది దేవుడి పటం వైపు చూడలేకపోయింది. రోజూ పొద్దున దణ్ణం పెట్టి ఆమె కోరుకునేది ఒకటే: ఇవాళ ఎవరిచేతా మాట పడకుండా చూడు స్వామీ. ఎవరినీ మాట అనకుండా చూడమని ఒక్కనాడైనా అడిగిందా? తనకి అక్కర్లేదనుకుంది. అలాంటి నోరు తనది కాదనుకుంది.

చమక్కు ఒకటి నాలిక చివర సిద్ధంగానే ఉంది. అది విసిరితే ఉద్యోగానికి మంచిది. ఇంటికి ఇంకా మంచిది. ఆమె దాన్ని మింగేసి, నెమ్మదిగా రాసింది.

"మీ వంటలో తప్పేమీ లేదండీ. నేను తినలేదు, టీవీలో చూశానంతే. ఆ మాట నేను పుట్టించింది కాదు. మా ఇంట్లో, నలుగురి మధ్య, నా వంటని అన్న మాట. దాన్ని తెచ్చి మీ మీద వేశాను. తప్పు నాది."

"ఏయ్, ఇంటి సంగతులు అక్కడెందుకు?" భర్త గొంతు మారింది. "ఎవరన్నారని ఎవడైనా అడిగితే?"

"ఏమైందిరా?" అంది అత్తగారు హాల్లోంచి.

"నీ కోడలు నా పరువు తీస్తోందమ్మా!"

"ఆటలో పరువేంట్రా, ఆడుకోనీ," అందావిడ.

ఆమె పంపే మీట నొక్కింది. నవ్వుల వరస తెగింది. తర్వాత కుట్టుపనావిడే రాసింది: "అయ్యో, మిమ్మల్ని కూడా అన్నారా! మరి అప్పుడు మీరేమన్నారు మేడమ్?"

ఈ ప్రశ్న ఆమె ఊహించలేదు. ఇందాక తప్పు ఒప్పుకోవడం కంటే ఇది ఎక్కువ కష్టమనిపించింది.

"సరదాకన్నారని రాయి," అన్నాడు భర్త, చెవి దగ్గర. "నేనూ నవ్వేశానని రాయి. నవ్వావుగా? అబద్ధమా?"

అబద్ధం కాదు. అందుకే రాసింది: "నవ్వానండీ. అందరికంటే ముందు నేనే నవ్వాను. మీ ముందు నాకు సిగ్గుగా ఉన్నది దానికే."

జవాబు వెంటనే వచ్చింది. "నేనూ నవ్వేస్తాను మేడమ్. ఇవాళ పొద్దున కూడా నవ్వాను."

"చూశావా! ఆవిడా నవ్విందట. అంతా సరదాయే, నువ్వే కొండంత చేస్తున్నావు," అని భర్త తేలిగ్గా నవ్వాడు. నవ్వి, అలవాటుగా ఆమె నవ్వు కోసం ఆగాడు.

ఆమె తెర మీంచి కళ్లు తిప్పి అతని మొహంలోకి చూసింది. కోపంగా కాదు, మామూలుగానే చూసింది. నవ్వలేదు. అతని నవ్వు ఆ గదిలో కాసేపు ఒంటరిగా నిలబడి, తోడు దొరక్క, దానంతటదే ఆగిపోయింది.