పడమటి గోడ మీద పేరు

ఆమెకు అన్నిటికన్నా ఒళ్లు మండించిన విషయం ఏమిటంటే, ఆయన తనను గుర్తుపట్టలేదు.

ఇన్నేళ్లూ ఈ రోజు కోసం ఎన్ని మాటలు నూరి పెట్టుకుందో! లైసెన్సు కొనసాగాలంటే ఆర్కిటెక్టులందరూ, ఎంత పేరున్నవాళ్లయినా సరే, ఎండకూ గాలికీ తగ్గట్టు కట్టడం ఎలాగో మళ్లీ నేర్చుకోవాలని రూలు వచ్చింది. ఆ పాఠాలు చెప్పేది ఆమె. పాస్ చేసేదీ, ఆపేదీ కూడా ఆమే. పెద్దసారు అని అందరూ పిలుచుకునే ఆయన మొదటి రోజున వెనక వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చుని, "అమ్మా, ఆ ఏసీ కాస్త పెంచమని చెప్పండి" అన్నాడు. అంతే. ముఖంలో బెదురు లేదు, తడబాటు లేదు. ఒకప్పుడు తన ఆఫీసులో జూనియర్‌గా ఉన్న పిల్లను మెడపట్టి గెంటినంత పని చేసి, ఆ పిల్ల మొహమే మరిచిపోయాడు.

ఆమె మరవలేదు. మరవనివ్వని మనిషి ఇంట్లోనే ఉన్నాడు మరి.

ఆ మనిషి బావ. ఊరి లైబ్రరీలో కౌంటరు దగ్గర ఉద్యోగం. ఆ లైబ్రరీ ప్లాను జూనియర్‌గా ఉన్నప్పుడు ఆమే గీసింది. కట్టడం పూర్తయి, మధ్యాహ్నమయ్యేసరికి రీడింగ్ రూమ్ కుంపటిలా తయారైతే, తప్పంతా జూనియర్ పిల్లదేనని పెద్దసారు ఊరంతా చాటాడు. ఎండా నీడా తెలియని పిల్ల అని ముద్ర వేశాడు. ఆ ముద్ర చూసి ఏ ఆఫీసూ ఆమెను గుమ్మం ఎక్కనివ్వలేదు. అక్క ఇంట్లో తలదాచుకుంది. బావ మంచివాడే, నోరే మంచిది కాదు. సాయంత్రం మెడలో తడి తువ్వాలుతో వచ్చి, "మరదలా, నీ ఎండ ఇవాళ కూడా నా నెత్తి మీదే దిగిందే" అనేవాడు. "నేను కాదు బావా, ఆయనే ప్లాను తిప్పించాడు" అంటే, "అవునులే, సూర్యుడే దారి తప్పి ఉంటాడు" అని నవ్వేవాడు. ఆ నవ్వుకి అన్నం సహించేది కాదు. తర్వాత పట్టుబట్టి చదివింది, పాఠాలు చెప్పే దాకా ఎదిగింది. బావ పాట మాత్రం మారలేదు.

అందుకే, కట్టిన భవనంలో కూర్చుని లోపాలు వెతికే రోజు వచ్చినప్పుడు, ఆమె ఆ లైబ్రరీనే ఎంచుకుంది. ఎండ లోపలికి దిగే వేళకే అందర్నీ రమ్మంది.

పెద్దసారు మురిసిపోయాడు. "నా బిల్డింగునే పాఠంగా పెట్టారన్నమాట! సంతోషం" అన్నాడు.

"మీకోసమే సార్. రండి, ఈ అద్దాల గోడ పక్కన కూర్చోండి" అని ఆమె పడమటి కుర్చీ చూపించింది. ఏసీ ఎప్పుడో చేతులెత్తేసింది. కౌంటరు వెనక బావ, మెడలో తువ్వాలుతో, మరదలి తరగతిని వింతగా చూస్తున్నాడు.

కాసేపటికే పెద్దసారు చొక్కా వీపుకు అతుక్కుంది. మిగతావాళ్లు గది గదీ తిరిగి వచ్చారు. కొత్తగా లైసెన్సు తీసుకున్న ఒకావిడ నవ్వు ఆపుకోలేకపోతోంది. "మేడమ్, లేత ఎండ పడే తూర్పు వైపేమో మందపాటి గోడ, ఎండ ఆపే నిలువు రెక్కలు. వాటి వెనక స్టోరు, మరుగుదొడ్లు. ఇంత చల్లటి మరుగుదొడ్లు నేనెక్కడా చూడలేదు! చదువుకునేవాళ్లకేమో పడమటి వైపు ఉత్త అద్దం."

"అంటే ఏం జరిగింది?"

"ప్లానును అద్దంలో చూసినట్టు అటుది ఇటు తిప్పేశారు. తిప్పితే గోడలు తిరుగుతాయి గానీ సూర్యుడు తిరుగుతాడా?"

అందరూ నవ్వారు. పెద్దసారు కూడా నవ్వాడు. "అదొక కథ లెండి. అప్పట్లో ఆఫీసులో ఒక జూనియర్ పిల్ల ఉండేది. తెలిసీ తెలియక ప్లాను తిప్పేసింది. నేను చూసేసరికి పునాదులు వేసేశారు. పంపించేశాను."

కౌంటరు వెనక బావ తల ఎత్తాడు. ఆమె గొంతు పెంచలేదు.

"ఆ పిల్ల పేరేంటి సార్?"

"ఎవరికి గుర్తుంటుందమ్మా?"

"పోనీలెండి. తిప్పితే ఎవరికేం ఒరిగిందో చూద్దాం. తిప్పకముందు గుమ్మం ఎటు ఉండి ఉంటుంది?"

"తూర్పు సందులోకి" అంది ఆ కొత్తావిడ.

"ఇప్పుడు?"

"మెయిన్ రోడ్డు మీదికి."

"గుమ్మం పక్క గోడకి ఏముంది?"

అందరికీ తెలుసు. వస్తూ వస్తూ చూసిందే. నిలువెత్తు నల్లరాయి, దాని మీద బంగారు రంగులో పెద్దసారు పేరు. సందులో ఉంటే కుక్క కూడా చూసేది కాదు.

"జూనియర్ పిల్లకి మెయిన్ రోడ్డుతో ఏం పని సార్?"

పెద్దసారు చెమట తుడుచుకుంటూ మొదటిసారి ఆమెను పరీక్షగా చూశాడు. "నువ్వు..."

"నా సంగతి తర్వాత. ఎవరు తిప్పించారో చెప్పండి. ఈ పాఠానికి జవాబు అదే."

లైసెన్సు ఎవరి చేతిలో ఉందో ఆయనకు అప్పటికి గుర్తొచ్చింది. "నేనే తిప్పమన్నాను. తను వద్దంది" అని గొణిగాడు.

"వినపడలేదు. కౌంటరు దాకా వినపడాలి."

ఆయన మళ్లీ చెప్పాడు, గట్టిగా. ఆమెకు ఎంత హాయిగా ఉందంటే, ఆ ఎండలో అలాగే నిలబడిపోవాలనిపించింది. జాలి వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు.

బావ తువ్వాలు తీసి చేత్తో నలుపుతూ దగ్గరికొచ్చాడు. "మరదలా..."

"ఆగు బావా, ఇంకా అవలేదు" అంది.

ఎవరు కట్టినదాన్ని వాళ్లే బాగుచేయాలి, ఆ కోర్సులో ఆఖరి పని అది. పెద్దసారు లైబ్రరీకి పడమటి వైపున, అద్దానికి కాస్త ముందుగా, గుమ్మానికి దారి వదిలి, చిల్లుల ఇటుకలతో అడ్డుగోడ గీసి తెచ్చాడు. ఎంతైనా చెయ్యి తిరిగినవాడు, గాలి ఆడుతుంది, వెలుతురు వస్తుంది, ఎండ ఆగుతుంది. ఆమె తప్పు పట్టాలని చూసి చూసి, ఒక చోట ఆగింది. నల్లరాయి ఎదురుగా మనిషి పట్టేంత సందు వదిలాడు.

"ఈ సందెందుకు సార్?"

"అందం కోసం."

"ఇందులోంచి ఎండ ఏటవాలుగా దూరి పక్క అద్దంలోంచి కౌంటరు మీద పడుతుంది. అక్కడ మా బావ కూర్చుంటాడు" అని కాగితం ఆయన వైపు తోసింది. ఒకప్పుడు ఆయన ఆమె కాగితాలు తోసినట్టే, ఒంటి వేలితో.

తర్వాతిసారి సందు సగమైంది. మళ్లీ తోసింది. ఆ తర్వాత సందు పక్కకు జరిగింది. మళ్లీ తోసింది. లైసెన్సు గడువు దగ్గర పడ్డాక, ఆమె ఎదుటే కూర్చుని, పెన్సిలు తీసి, తన పేరు మీదుగా ఇటుక పక్కన ఇటుక గీసి సందు మూసేశాడు. ఆమె సంతకం పెట్టి, "పాస్ అయ్యారు సార్" అంది.

లైబ్రరీ వాళ్లు ఆ గోడ కట్టించారు. పూర్తయిన మధ్యాహ్నం బావ ఆమెను కౌంటరు దగ్గరికి పిలిచాడు. మెడలో తువ్వాలు లేదు. "ఇన్నాళ్లూ నిన్ను... నాది బుద్ధి తక్కువ పని" అన్నాడు.

"అవును, తక్కువే" అంది. బావను కూడా అంత తేలిగ్గా వదలదలుచుకోలేదు.

బయటికి వెళ్లి, రెండు గోడల మధ్య నీడలోకి చేయి చాచింది. వేళ్లకు అక్షరాలు తగిలాయి. రాయి చల్లగా ఉంది.