బావగారి చేతి ముద్ద

ఎనభై ఆరేళ్ళొచ్చినా బావగారి చెయ్యి చేటంతే ఉంది, పళ్ళెం అడుగునుంచి మాంసమూ, గొర్రె తోక కొవ్వూ, ఉడికించిన పిండి రేకులూ కలిపి ముద్ద చేస్తున్నారు, మునిమనవడి తొలి అడుగుల పండగ కదా, విందు చివర పెద్దలు తమ చేత్తో పిన్నల నోట్లో పెట్టే ముద్ద దీవెన, కాదనకూడదు, నలభై ఏడేళ్ళుగా ఆయన తమ్ముడి భార్యని, ఈ ఇంటి కోడలిని, ఆయన పేరు నా నోట రాలేదు, ఆ చేతికి అడ్డం పడిందీ లేదు, ఇప్పుడా చెయ్యి వరసగా పిల్లల ముందుకు వస్తోంది, మొదట ఆయన ఇంటి కవల పిల్లలు, వాళ్ళ పక్కన మా ఇంకార్, ఏడేళ్ళది, నా కొడుకు తొలి బిడ్డ, మా ఆచారంలో తొలి బిడ్డ నానమ్మదే కాబట్టి నలభయ్యో రోజునే కోడలు మక్పాల్ ఒళ్ళోంచి తీసేసుకున్నాను, ఇంకార్ నన్ను అమ్మా అంటుంది, కన్నతల్లిని పేరు పెట్టి పిలుస్తుంది, ఒక్కసారే మక్పాల్ నోరు తెరిచి, అత్తయ్యా, పిల్లకి ఇంక చాలేమో అంది, చాలో లేదో నాకు తెలుసు, నీకు కావాలంటే ఇంకోదాన్ని కని పెంచుకో, ఇది నా పిల్ల అన్నాను, పాపం, టీ కాగే సమోవార్ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది, చూశాను, చూడనట్టే నూనెలో వేగిన ఇంకో బౌర్సాక్ ఉండకి మీగడ రాసి పిల్ల నోట్లో పెట్టాను, ఎంత పొగరే నాకు!

ఎందుకు పెట్టనూ, కరువు ఏడాది మా అమ్మ ఏడుగురు పిల్లల్లో ఒక్కతే మిగిలింది, పెద్దయ్యాక మా బుగ్గలు నొక్కి మరీ కుక్కేది, తినండే, రేపుంటుందో లేదో అనేది, నేనూ అంతే, బడి డాక్టరమ్మ కాటా మీద ఇంకార్‌ని నిలబెట్టి ముప్ఫై అయిదు కిలోలు, ఇలాగే పోతే మీకున్న చక్కెర జబ్బు దీనికి పెళ్ళీడు రాకముందే వస్తుంది అన్నప్పుడు, నీకే పెళ్ళి కాలేదు, పిల్లల సంగతి నీకేం తెలుసు అని దులిపేసి వచ్చాను, అయినా ఆవిడ కోపం తెచ్చుకోలేదు, బరువు తగ్గించక్కర్లేదు పెద్దమ్మా, పెరగకుండా ఆపితే చాలు, ఎత్తు అదే పెరుగుతుంది అని వీధి గుమ్మం దాకా వెంటపడి చెప్పింది, వారం తర్వాత బడి గోడ పక్కన చూశాను, పిల్లలందరూ పరుగులు పెడుతుంటే ఇంకార్ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఏమే ఆడవా అంటే, అలిసిపోలేదమ్మా, ఊరికే చూస్తున్నా అంది, చెమట కారుతున్న ఆ మొహంతో నాకే ధైర్యం చెబుతోంది, ఆ గోడకి నా తల కొట్టుకోవాలనిపించింది.

ఇక ఆ చలికాలమంతా కాలవ గట్టున మంచు తొక్కుకుంటూ బడికి నడిచే పోయాం, నా మోకాళ్ళు తిట్టాయి, ఇంకార్ కూడా తిట్టింది, పక్కింటి జైనెప్ కంచె మీంచి తల పెట్టి, ఏం కుల్పాష్, పింఛను గాని ఆగిందా, పిల్ల బుగ్గలు దిగిపోయాయే అంది, నీ నాలుకా దిగితే బాగుణ్ణు అన్నాను, మొదటి వారం బౌర్సాక్‌ల కోసం పిల్ల ఏడ్చింది, గుమ్మం వెనక నేనూ ఏడ్చాను, అప్పుడు మక్పాల్‌ని పిలిచి, వంట ఇకమీద నువ్వు చెప్పినట్టే అన్నాను, అది నమ్మలేక రెండుసార్లు చెప్పించుకుంది, నాలుగు నెలలు, ఒక్క కిలో పెరగలేదు, రెండు వేళ్ళ ఎత్తు పెరిగింది, నా పిల్ల!

చెయ్యి వచ్చేసింది, వేళ్ళ సందుల్లోంచి కొవ్వు కారుతోంది, రా నా గుర్రప్పిల్లా, ఏంటే ఇలా చిక్కిపోయావు, కుల్పాష్ నిన్ను గాలి పెట్టి పెంచుతోందా అంటున్నారు బావగారు, అందరూ నవ్వుతున్నారు, ఇంకార్ నవ్వలేదు, తాతయ్యా, నాకు చాలు, కడుపు నిండింది అంది, అయ్యో, అనేసింది, నవ్వులు ఆగిపోయాయి, అటు చివర మక్పాల్ కప్పు కింద పెట్టేసింది, బావగారి వెనక ఇంకా నలుగురు ముసలాళ్ళు చేతులు కడుక్కుని కూర్చున్నారు, ఒకరి ముద్ద తింటే ఇంకొకరిది వద్దనడానికి లేదు, ఈ ఒక్కటీ మింగితే ఇంకార్ మాటకి ఇంటా బయటా ఇక విలువుండదు, వద్దంటే పెద్దాయనకి అవమానం, ఏం చెయ్యను, ఏం చెయ్యను, ఆయనకి తమ్ముడి భార్యని కదూ, అరవై ఎనిమిదేళ్ళొచ్చినా ఆయన ముందు నేనూ పిన్నదాన్నే, మోకాళ్ళ మీద జరుగుతూ ఇంకార్‌కీ ఆ చేతికీ మధ్యకి పోయాను, బావగారూ, ఈ ఇంటి చిన్న కోడలికి మీరు ముద్ద పెట్టి ఎన్నేళ్ళయింది, ముందు నాకు అన్నాను, నోరు తెరిచాను.

ఆయన చెయ్యి గాల్లో ఆగింది, ఓసి నీ, అమ్మాయ్, నీకు నాలుగు పళ్ళైనా ఉన్నాయా అన్నారు, మీకున్నన్ని ఉన్నాయి, పెట్టండి అన్నాను, ఇల్లంతా గొల్లుమంది, ముద్ద నోట్లో పడింది, బుగ్గలు ఉబ్బిపోయి, కొవ్వు గడ్డం మీదికి కారుతుంటే పక్కన ఎవరో మోకరిల్లిన చప్పుడు, మక్పాల్, నా మక్పాల్, ఎప్పుడూ గొంతెత్తనిది, మామయ్యా, రెండోది నాకు అంటోంది, దాని వెనక బావగారి కోడళ్ళూ మేమో మేమో అని లేచారు, నలుగురు ముసలాళ్ళకీ చేతినిండా పని, బావగారు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వి, కొవ్వు చేత్తోనే ఇంకార్ తల నిమిరి, పోవే, పోయి ఆడుకో, దీవెన నెత్తిన పెట్టినా తగుల్తుందిలే అన్నారు, అది చెంగున బయటికి పరుగు తీసింది, కిటికీలోంచి కనబడుతోంది, కవలల్ని తరుముతోంది, దొరికావ్ దొరికావ్ అని అరుస్తోంది, ఆగి రొప్పడం లేదు, మాట్లాడదామంటే నా నోరు నిండా మాంసం, మక్పాల్ చెయ్యి పట్టుకుని మనసులోనే అంటున్నాను, చాలు అందే అది, విన్నావా, మా అమ్మ చచ్చేదాకా ఏ పళ్ళెం ముందూ ఆ మాట అనలేదు, నేనూ అనలేదు, ఇంకొకళ్ళని అననివ్వలేదు, ఏడేళ్ళ పిల్ల అంతమంది పెద్దల ముందు అనేసింది, దాని కడుపు నిండింది, దానికి తెలుసు, మా ఇంట్లో కరువు ఈవేళ అయిపోయింది.