బియ్యం కప్పుకి పసుపు మరక

పెరట్లో వేసిన గోంగూర మొలక పీకి చూస్తే ఒళ్ళంతా కంపరమెత్తింది. సన్నగా దిగాల్సిన వేర్ల కొసలు ఉబ్బిపోయి, తెల్లగా, మెత్తగా, అచ్చం పురుగుల్లా ఉన్నాయి. నొక్కితే చితికింది. ఛీ! సబ్బుతో ఎంత కడుక్కున్నా ఆ మెత్తదనం వేలికే ఉన్నట్టుంది.

దేశం కాని దేశంలో, ఈ కాపెల్ ఊళ్ళో నాకు విత్తనాలిచ్చింది పక్కవీధి నమ్రత. "ఏం కలిపి ఇచ్చిందో మహాతల్లి!" అన్నాను.

"నీకు అందరి మీదా డౌటే అమ్మా," అంటూ మా దేదీప్య ఒక మొలక పట్టుకెళ్ళి తన మైక్రోస్కోప్ కింద పెట్టింది. ఎనిమిదో క్లాసు. క్లాసులో అందరికన్నా పొట్టి. ఇక ఎదగదేమోనని నా దిగులు. సరుకులుంచే పాంట్రీ తలుపు మీద పెన్సిల్ గీతలు పెట్టి కొలుస్తూనే ఉంటాను.

"సెల్స్ పొడుగ్గా ఉండాలి, ఇవి బాల్స్‌లా ఉన్నాయి. సెల్ లోపల సన్న గొట్టాలుంటాయమ్మా, మైక్రోట్యూబ్యూల్స్. సెల్ రెండు అయ్యేప్పుడు లోపలి సరుకుని చెరో సగం లాగేవి అవే. వేరు నిలువుగా పెరగాలన్నా అవే కావాలి. కొన్ని కలుపు మందులు వాటిని కట్టుకోనివ్వవు. అప్పుడు సెల్ ఊరికే ఉబ్బుతుంది."

"మనుషులకీ ఉంటాయా ఆ గొట్టాలు?"

"అందరికీ ఉంటాయి."

మా ఆయన దగ్గరికి పరిగెత్తాను. "ఏమండీ, పెరట్లో మందు కొట్టారా?"

"కొట్టలేదు, చల్లాను," అన్నారు లాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండా. "లాన్‌లో కలుపు ఉందని కాలనీ వాళ్ళు ఫిబ్రవరిలో నోటీసిచ్చారుగా. అక్కడ చల్లగా మిగిలిన పసుప్పచ్చ మందు గుళికలు వెనక పోసేశా."

"దేంతో చల్లారు?"

"కప్పుతో."

"ఏ కప్పు?"

లాప్‌టాప్ మూసి వంటింటి వైపు చూశారు. "కడిగే పెట్టాన్లేవే," అన్నారు.

బియ్యం డబ్బాలో కొలకప్పు. దాని అడుగున పసుపు మరక. పోపు చేత్తో నేనే ముట్టుకుని ఉంటాననుకుని ఇన్నాళ్ళూ అదే కప్పుతో కొలిచి, వండి, నా చేత్తో పిల్లకి ముద్దలు కలిపి పెట్టాను. సింకు దగ్గరికి పరిగెత్తి చేతులు రుద్ది రుద్ది కడిగాను.

"అమ్మా, ఆ మందు మొక్కల గొట్టాలకే అతుక్కుంటుంది, మనవాటికి కాదు. ఇప్పుడే చదివా."

"నువ్వూరుకో! ఇటురా."

పాంట్రీ తలుపుకి ఆనించి నిలబెట్టాను. చివరి గీత జనవరిది, మందు చల్లకముందుది.

"మడమలు ఆనించు."

"ఆనించానమ్మా!"

"సాక్సులు తీసెయ్."

నెత్తి మీద స్కేలు పెట్టి గీశాను. పాత గీతకి వేలెడు పైనే ఉంది. మళ్ళీ కొలిచాను. అంతే ఉంది. అప్పటికి ఊపిరి తిరిగింది.

ఆ కప్పు మళ్ళీ కంటపడేసరికి వాంతి వచ్చినంత పనైంది. బియ్యం డబ్బా ఎత్తుకెళ్ళి కప్పుతో సహా బయట చెత్తబుట్టలో కుమ్మరించాను.

"కొత్త బస్తా కదే!" అంటూ ఆయన వెంటబడ్డారు.

"కావాలంటే అందులోంచి తీసుకుని వండుకోండి. అదే కప్పుతో!"

"మరి డిన్నర్? పిజ్జా ఆర్డర్ చేద్దామా?" అంది దేదీప్య నవ్వు ఆపుకుంటూ.

ఊఁ అన్నాను గానీ పెన్సిల్ మాత్రం లోపల పెట్టలేదు. పాంట్రీ తలుపు పిడికి దారంతో కట్టేశాను, ఇక నెలనెలా కొలవాలిగా.