అయిదడుగుల నేల

లైల్ ప్రూయెట్ మోకాళ్ల మీద కూర్చుని గోడ మొదట్లో మట్టిని వేళ్లతో గీకి చూశాడు. బోసి నేల. నిప్పురవ్వ పడినా అంటుకునేది లేదు. నిచ్చెనెక్కి చూరు కాలువలో చెయ్యి పెట్టాడు. ఒక్క ఎండాకు తగల్లేదు. దిగుతుంటే అరవై మూడేళ్ల మోకాలు కలుక్కుమంది.

ఆ కాలిఫోర్నియా కొండవాలులో ఇల్లు అమ్మాలంటే ఫైర్ ఆఫీసు తరఫున లైల్ చూసి సంతకం పెట్టాలి. గోడ చుట్టూ అయిదడుగుల మేర కాలే వస్తువేదీ ఉండకూడదు. చీపురు ఆనించి ఉన్నా తీయించేవాడు. పంతొమ్మిదేళ్లుగా అదే పని. పెళ్లి లేదు. ఆదివారం ప్రార్థనకి పోతాడు, మిగతా రోజులు ఊరివాళ్ల చూరుల్లో చెత్త వెతుకుతాడు.

కింద నిలబడ్డాక కనబడింది. గోడ మీద జానెడు ఎత్తున ఎర్రటి చార, ఇంటి చుట్టూ ఒకే మట్టంలో. వాకిట్లో ఆగిన వ్యానులో, అందానికి గోడవార పోసే చెట్టుబెరడు పెచ్చుల బస్తాలు.

ఇళ్లమ్మించే మార్లా నవ్వుతూ కలం అందించింది. లైల్ బస్తాల వైపు చూపించాడు.

"ఇదంతా నిన్నటిదాకా గోడకే ఉందిగా?"

"నిన్న ఉంటే ఉంది. ఇవాళ లేదుగా, పెట్టండి సంతకం."

"నేనటు వెళ్లగానే మళ్లీ పోస్తావు."

"బోడిగుండులా ఉంటే ఎవరు కొంటారండీ? అయినా మీరు ఫైర్ ఆఫీసు వాళ్లా, మా అత్తగారా?"

ఉన్నది చూసి రాయాలి. రాబోయేది రాయడానికి కాగితంలో గడి లేదు. సంతకం పెట్టాడు. రెండేళ్ల కిందట ఇలాంటి చారే చూసి, నోరు మూసుకుని సంతకం పెట్టిన ఇల్లు ఒకటుంది. ఆగస్టులో గోడ మొదటినుంచే అంటుకుంది. మనుషులు రాత్రి బట్టలతో బయటపడ్డారు, ముసలి కుక్క బయటపడలేదు. బూడిదలో సగం కాలిన పెచ్చులు లైలే ఏరాడు. రేపు పోయాక పైవాడు అడిగేది కాగితం గురించా, కుక్క గురించా?

మధ్యాహ్నం రొట్టె విప్పితే బెరడు వాసన వేసింది. అవతల పారేశాడు.

ఇంకో రెండిళ్లు చూసి, సాయంత్రం పొద్దుటి ఇంటికే తిప్పాడు ట్రక్కు. అనుకున్నంతా అయింది. గోడచుట్టూ ఎర్రగా, మెత్తగా, పెళ్లిపీటల ముందు తివాచీ పరిచినట్టు బెరడు. లైల్ తన ఇనుపపళ్ల దంతె తీసి గుంజడం మొదలుపెట్టాడు.

కిటికీలు కొలవడానికి వచ్చిన యెసేనియా, కొనబోయే మనిషి, చంకలో పిల్లతో బయటికి వచ్చింది.

"అయ్యో, ఎందుకండీ లాగేస్తున్నారు? బాగుందిగా!"

"బాగానే ఉంటుందమ్మా. బాగా మండుతుంది కూడా."

ఆమె గోడ వంకా, పిల్ల వంకా చూసింది. "పొద్దున మీరు సరే అన్నారని మార్లా చెప్పింది."

"అన్నాను. అందుకే వచ్చాను."

మూడు గోడలయ్యాయి. లైల్ చెమట తుడుచుకుని, మంచినీళ్లు తాగొస్తానని ట్రక్కు దగ్గరికి వెళ్లాడు. యెసేనియా కాసేపు చూసి పిలిచింది. దగ్గరికి వెళ్లి భుజం తట్టింది. సీసా మూత అతని చేతిలోనే ఉంది, ఊపిరి లేదు.

అంబులెన్సు వెళ్లాక మార్లాకి ఫోను చేసింది. "ఆ బస్తాలు మళ్లీ నా గుమ్మంలో దింపావంటే ఇల్లూ వద్దు, నువ్వూ వద్దు." తర్వాత పిల్లని గడ్డిలో కూర్చోబెట్టి, నాలుగో గోడ దగ్గర వంగి చేతులతో ఎత్తిపోసింది.

నాలుగు పక్కలా అయిదడుగుల నేల బోసిగా మిగిలింది. లైల్ పోతూ పోతూ మూడో గోడకి ఆనించిన దంతె ఒక్కటే అక్కడుంది. కర్ర పిడిది, పళ్ల సందుల్లో ఇంకా ఎర్రటి పెచ్చులతో.